పేరు చెప్పని ఆకు

జూన్ 9, ఆదివారం

ఈ డైరీలో జనవరి నుంచి మే దాకా కాగితాలన్నీ ఖాళీ. అప్పుడు నేను ఇక్కడ లేను. ఎరువుల కొట్టువాళ్లు ఆయనకిచ్చారట. ఆయన నాపరాళ్ల క్వారీలో పని చేస్తారు, రాసుకోవడానికేముంటుంది, అటక మీద పడేశారు. నేను దుమ్ము దులిపి తీసుకున్నాను. అడగలేదు. అడిగితే ఏం రాస్తావంటారు.

ఏం రాయాలో నాకు తెలుసు. రేపల్లె దగ్గర మా ఊళ్లో నేను పేరు చెప్పలేని చెట్టు లేదు. ఇక్కడ వేప, తుమ్మ, చింత తప్పితే నాకు తెలిసినది లేదు. కాపురానికొచ్చి ఇరవై రోజులైంది. మొన్న పక్కింటి బుజ్జమ్మను "అదేం గడ్డి అక్కా" అని అడిగితే వాళ్లింట్లో అందరినీ పిలిచి చెప్పి నవ్వింది. "గడ్డంట. మా అత్తకు మోకాళ్లు వాస్తే దాన్నే వేడి చేసి కట్టేది." అప్పటి నుంచి నన్ను డెల్టా అని పిలుస్తోంది. అందుకని ఎవరినీ అడగను. చూసి రాసుకుంటాను. ఐదో తరగతి చదివినదానికి ఆ మాత్రం చాలు.

మొదటిది చిల్ల గింజ. నిన్నటి వానకు కుంట నీళ్లు ఎర్రగా వచ్చాయి. అత్తమ్మ గూట్లోంచి గుండ్రటి గింజ ఒకటి తీసి, కడవ లోపల గంధం తీసినట్టు అరగదీసి, నీళ్లు పోసి మూత పెట్టింది. వంటయ్యేసరికి మట్టంతా అడుక్కు దిగింది. నేను మూడుసార్లు మూత తీసి చూశాను. మూడోసారి అత్తమ్మ అంది, "నువ్వట్టా కదిలిస్తా ఉంటే ఎప్పటికి తేరతయ్యి నీళ్లు?"

జూన్ 12, బుధవారం

ముళ్లపొదలకు కాసే కలే పండ్లు తిన్నాను. పచ్చివైతే జిగురు పాలు పెదాలకు అంటుకుంటాయి. నల్లగా మాగినవి తియ్యగా ఉంటాయి. నాలుక ఊదారంగైంది. ఆయన చూసి నవ్వారు. నవ్వితే ఎడమవైపు పన్ను ఒకటి లేదు. రాతిముక్క ఎగిరి తగిలిందట. ఆ సంగతి ఇవాళే తెలిసింది.

జూన్ 16, ఆదివారం

తెల్లవారకముందే అత్తమ్మ లేచి చేలవైపు వెళ్లింది. నేను పలకరించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. తిరిగి వచ్చేసరికి వాకిట్లో ఏడుగురు కూర్చుని ఉన్నారు. రొంపిచెర్ల నుంచి మొదటి బస్సుకు వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అందరి కళ్లూ పసుపు కలిపిన నీళ్లలా ఉన్నాయి. అత్తమ్మ తలుపు వేసుకుని ఏదో నూరి, మజ్జిగలో కలిపి, గిన్నెతో ఒక్కొక్కరికీ ఇచ్చింది. వాళ్లు తాగి, వెళ్లొస్తామని కూడా అనకుండా లేచి వెళ్లిపోయారు. మా ఊళ్లో ఇంత మర్యాద లేని మనుషులు ఉండరు అనుకున్నాను.

బావి దగ్గర బుజ్జమ్మ చెప్పింది.

"కామెర్ల మందుకు వెళ్లొస్తామనగూడదే డెల్టా. అంటే రోగం మళ్లీ వస్తది. మాణిక్యమ్మత్త చేతి మందంటే నలభై ఊళ్లకు తెలుసు. ఆకు పేరు మాత్రం ఒక్కరికీ తెలవదు. చెప్తే పస పోద్ది. కోసేటప్పుడు నోరు తెరవగూడదు. ఎవురి దగ్గరా పైసా ముట్టగూడదు. మందిచ్చినామె ఏ పథ్యం చెప్తే అది, కలెక్టరైనా చెయ్యాల్సిందే."

"మరి అత్తమ్మ తరవాత ఎవరిస్తారు?"

"ఒక్కళ్లకు చూపిచ్చుద్ది. చూపిచ్చిన రోజు నించీ తన చేతిది పనిచెయ్యదు. అందుకేగా మంచం ఎక్కిందాకా ఎవురూ చూపిచ్చరు. మీ అత్తకు వాళ్లత్త పోయే ముందు రోజు చూపిచ్చిందంట. అయినా నీకెందుకే ఇయన్నీ? గడ్డి కోసుకోపో."

నిజమే. నాకెందుకు.

జూన్ 23, ఆదివారం

నేను చూడాలని వెళ్లలేదు. బలుసాకు కోయడానికి వెళ్లాను. పప్పులో వేస్తే కాస్త వగరుగా బాగుంటుంది. పొద్దు పొడవకముందు కోస్తే మెత్తగా ఉంటుందని నాకు అనిపించింది. ఎవరూ చెప్పలేదు.

బలుసు పొద బావి కాలువ పక్కనే ఉంది. అత్తమ్మ కాలువ గట్టు మీద వంగి, మొక్కలు వేళ్లతో పీకి ఒళ్లో వేసుకుంటోంది. నేను కదల్లేదు. కదిలితే చప్పుడవుతుందని.

తరవాత వాకిలి ఊడుస్తుంటే ఒక రెమ్మ దొరికింది. ఈ కాగితం మీదే పెట్టాను.

తీరా చూస్తే ఇది మా ఊళ్లో పంపు చుట్టూ మొలిచి, మేం పీకి పారేసేదే. దీనికి పేరు ఉంది. ఇక్కడ రాయను. రాసినా చెప్పినట్టే అవుతుందేమో. జానెడు మొక్క. రెమ్మకు రెండువైపులా సన్నటి ఆకులు. తిప్పి చూస్తే ఆకు ఆకుకీ అడుగున ఆవగింజంత పచ్చటి కాయ, వరసగా, దండ గుచ్చినట్టు. పైనుంచి చూసేవాళ్లకు కాయలున్నట్టే తెలియదు. ఇంత సిగ్గుపడే మొక్కను నేను చూడలేదు.

జూలై 3, బుధవారం

మోదుగ ఆకులు కుట్టాం. ఒక కాడకు మూడే ఆకులు, అన్నీ అరచేయంత. ఎండబెట్టి, తడిపి, రాయి కింద పెట్టి, ఈనెపుల్లలతో కుడతారు. నేను చేసిన విస్తరి గాడిద చెవిలా వచ్చింది. అత్తమ్మ ఆకు వంక చూడకుండానే కుడుతుంది. వేళ్లకే తెలుసు.

ఇవాళ పుల్ల రెండుసార్లు ఆమె వేలిలో దిగింది. మబ్బు పట్టి చీకటిగా ఉంది మరి. నాకు మాత్రం కనపడుతూనే ఉంది.

ఆయన సుత్తికి కొత్త కామ వేశారు, ఇక్కడ పిడిని అలా అంటారు. జాన చెట్టు కర్ర. వంగుతుందే గాని విరగదట. రాయిని కొట్టినప్పుడు ఆ అదురు చేతికి రాకుండా కర్రే మింగేస్తుందట. ఆయన అంతసేపు నాతో మాట్లాడటం ఇదే మొదటిసారి. అదీ కర్ర గురించి.

జూలై 7, ఆదివారం

మందు పని అయ్యాక పుల్లలకు కొండకు వెళ్లాం. అత్తమ్మ, బుజ్జమ్మ, నేను. చిల్ల చెట్టు చూపించమని బుజ్జమ్మను అడిగాను. "అదిగో" అంటే ఒక ఆకు కోశాను. అత్తమ్మ నా చేతి మీద ఒక్కటిచ్చింది.

"అది ముష్టి. ఈ చోటున ఉండేది అదే. పారెయ్. చెయ్యి మట్టితో రుద్దుకో."

"బుజ్జమ్మక్కే చూపించింది."

"దానికేం తెలుసు. రెండిటి ఆకూ ఒకటే మాదిరుంటది, నడిమి ఈనెలు కూడా. ఒకటి నీళ్లు తేరుస్తది, ఇంకోటి మనిషిని తీసుకుపోద్ది. కాయ చూస్తేనే తెలిసేది. ఆకు చూసి ఎవుర్నీ నమ్మబాకు."

బుజ్జమ్మ మూతి తిప్పుకుంది. "అంత దూరాన్నించి నాకేం కనపడుద్ది?"

"మరెందుకు చెప్పావ్ అదిగో అని?"

ఇంటికొచ్చాక చెయ్యి నాలుగుసార్లు కడుక్కున్నాను. ముష్టి చెట్టు అందంగానే ఉంది.

జూలై 10, బుధవారం

నల్లేరు పచ్చడి. నాలుగు పలకల కాడ. కోసేముందు చేతులకు నూనె రాసుకోవాలి. నాకు ఎవరూ చెప్పలేదు. రాత్రంతా గోక్కున్నాను. పచ్చడి మాత్రం బాగుంది. ఎముక విరిగినవాళ్లకు పెడతారట.

జూలై 14, ఆదివారం

రాళ్ల లారీ నడిపే ఖాదర్ వలి వచ్చాడు. ఆయనకు స్నేహితుడు. అత్తమ్మను అమ్మా అంటాడు. కళ్లు పచ్చబడ్డాయి. మందు తాగి, అలవాటు కొద్దీ "వెళ్లొ..." అనబోయి నోరు మూసుకున్నాడు. అందరూ నవ్వారు.

జూలై 18, గురువారం

ఖాదర్ వలికి ఆదివారం నుంచి వాంతులట. బుజ్జమ్మ అంటోంది, పథ్యం తప్పి ఏదో తిని ఉంటాడని. అత్తమ్మ కూడా అదే అంది. నేనూ అదే అనుకున్నాను.

జూలై 21, ఆదివారం

ఖాదర్ వలి వచ్చాడు గాని గిన్నె అందుకోలేదు.

"ఈ వారం వద్దమ్మా. కడుపు తట్టుకోటంలా."

"ఏం తిన్నావో చెప్పు, తిట్టన్లే."

"అల్లా మీద ఒట్టు. మజ్జిగన్నం తప్పితే ఏదీ ముట్టలా. నీ చేతి మందు మా నాయన తాగాడు, మా అన్న తాగాడు. ఎవురికీ ఇట్టా కాలా."

అత్తమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఆ గిన్నె వెనక్కి రావడం ముప్పై ఏళ్లలో ఇదే మొదలట. మిగిలినవాళ్లు తాగుతూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

వాళ్లు వెళ్లాక వాకిలి ఊడ్చాను. ఇవాళా ఒక రెమ్మ దొరికింది. పాతదాని పక్కన పెట్టి చూద్దామని లోపలికి తెచ్చాను, ఊరికే. అదే పొడవు, అవే సన్నటి ఆకులు. తిప్పి చూశాను. అడుగున కాయలు లేవు. కాడ తుంచితే పాలు కారాయి. పాతదానికి పాలు లేవు.

చెత్తలో ఇంకా వెతికాను. సగం అది, సగం ఇది.

అత్తమ్మకు కళ్లు కనపడటం లేదు. ఇది చాలా రోజులుగా నాకు తెలుసు. మబ్బు పట్టిందని రాశాను గాని విస్తర్లు కుట్టిన రోజు మబ్బు లేదు.

జూలై 22, సోమవారం

అత్తమ్మకు చెప్పాలి.

చెప్పాలంటే, ఆకు నాకు తెలుసని ముందు చెప్పాలి. బలుసు పొద వెనక నిలబడ్డానని చెప్పాలి. నోటితో చెప్పానంటే మందు పస పోతుంది. పోయిందని అత్తమ్మ నమ్ముతుంది, అది చాలు. మళ్లీ జన్మలో ఆ గిన్నె ముట్టదు. ఖాదర్ వలి గిన్నె వద్దన్నప్పుడు ఆమె మొహం చూశాను కదా.

చెప్పకపోతే వచ్చే ఆదివారం ఇంకో ఏడుగురు పాల మొక్క తాగుతారు.

జూలై 23, మంగళవారం

ఆయనతో చెబుదామనుకున్నాను. అన్నం పెట్టాను. తిన్నారు. పడుకున్నారు.

జూలై 27, శనివారం

ఉపాయం దొరికింది. నాలాంటిదానికి దొరకాల్సిన ఉపాయమే. నోరు తెరవక్కర్లేదు.

గేదెకు గడ్డి కోస్తానని వెళ్లి, కాలువ గట్టు మీద పాలు కారే మొక్క ప్రతిదీ పీకేశాను. మంచిదాన్ని వదిలేశాను. మొదలు నుంచి చివరి దాకా, ఒక్కొక్కటీ ఆకు తిప్పి చూసి. మధ్యాహ్నం దాకా పట్టింది. రేపు అత్తమ్మ చెయ్యి ఎక్కడ పడినా మంచిదే వస్తుంది. పాలు తగిలి వేళ్ల సందులు ఎర్రగా పొక్కాయి. నల్లేరు కోశానని చెప్పాను.

చాలా సంతోషంగా ఉంది.

జూలై 28, ఆదివారం

అత్తమ్మ గట్టు మీద చెయ్యి పెట్టి తడిమిందట. ఒత్తుగా లేదు. ఎవరో గట్టు గీకేశారనుకుని, కాలువ వదిలేసి కుంట వైపు పోయింది. అక్కడ పాల మొక్క పరుపు పరిచినట్టు ఉంటుంది. ఒడి నిండా తెచ్చింది. నేను వాకిట్లో నిలబడి చూశాను. కాయ ఉన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు.

లోపల నూరి, మజ్జిగ తపేలా గడప దగ్గర పెట్టింది. వాకిట్లో ఐదుగురు. ఒకామె కడుపుతో ఉంది.

నా కాలు తగిలింది.

తపేలా బోర్లపడి మందంతా వాకిట్లో పారింది. అత్తమ్మ అంది, "మీ డెల్టాలో ఎప్పుడూ బురదలో ఉండి ఉండి నేల మీద కాళ్లు ఆనవా నీకు? మొదటి బస్సుకు పడి వచ్చారే వాళ్లు."

బుజ్జమ్మ గోడ మీదనుంచి చూస్తోంది. "మందు ఒలికితే ఇంటికి మంచిది కాదంటారు అత్తా" అంది.

"నువ్వు నోరు మూసుకో" అంది అత్తమ్మ. అది మాత్రం నన్ను కాదు.

నేను ఏడవలేదు. కాలు తగిలింది, అంతే.

ఆగస్టు 1, గురువారం

ఆయన కళ్లు పచ్చబడ్డాయి.

రెండు రోజులుగా అన్నం వద్దంటుంటే ఎండ దెబ్బ అనుకున్నాను. ఇవాళ క్వారీ నుంచి మధ్యాహ్నమే వచ్చి పడుకున్నారు. వెలుతురులోకి తిప్పి చూశాను. ఆయన మొహం నేను అంత దగ్గరగా పట్టుకుని చూడటం ఇదే మొదటిసారి. దీనికా ఇలా చూడటం.

ఆగస్టు 3, శనివారం

"మాచర్లలో డాక్టరుకు చూపించుకుందాం" అన్నాను.

ఆయన పడుకునే నవ్వారు. "ఊళ్లోళ్లందరూ మా అమ్మ దగ్గరికొస్తంటే నేను బస్సెక్కి పోవాల్నా? రేపు ఆదివారమేగా. అమ్మ ఇస్తది."

అత్తమ్మ పక్కనే కూర్చుని ఆయన పాదాలు నొక్కుతోంది. "మూడు వారాల్లో లేపి కూర్చోబెడతా" అంది. ఆయన పాదాలు అనుకుని కాసేపు దుప్పటి మడత నొక్కింది.

తపేలాకు మళ్లీ కాలు తగిలితే దాన్ని కాలు అనరు.

ఆయనకు నిజం చెబితే ఆయన తల్లికి చెప్పేస్తారు. చెప్పకుండా ఉండలేరు. అప్పుడు ఊరంతా తెలుస్తుంది, మాణిక్యమ్మ గుడ్డిదై ఏదో గడ్డి నూరి పోసిందని. అత్తమ్మ ఏది పోయినా ఓర్చుకుంటుంది గాని అది ఓర్చుకోదు. చెప్పకపోతే ఆయన తాగుతారు. నాలుగు రోజులుగా ఏమీ తినని మనిషి.

కోసేటప్పుడు నోరు తెరవకూడదు అంది బుజ్జమ్మ. చూడకూడదు అనలేదు. పక్కన ఎవరూ ఉండకూడదు అనలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి అనలేదేమో.

ఆగస్టు 4, ఆదివారం

అంతా రాసుకోవాలి. తరవాత మరిచిపోతే నేను అలా చేశానంటే నేనే నమ్మను.

అత్తమ్మ లేవగానే నేనూ లేచాను. ఆమె వాకిలి దాటింది. నేను పది అడుగుల వెనక నడిచాను, దాక్కోకుండా, పట్టీల చప్పుడు వినపడేట్టు. ఆమె ఆగింది. తిరిగి చూసింది. పొమ్మని చెయ్యి ఊపింది. నేను పోలేదు. నోరు తెరిచి తిట్టడానికి లేదు. ఆమె నడిచింది, నేనూ నడిచాను.

మాట్లాడకూడని పని ఏదైనా ఉంటే అది నాకు చేతనవుతుంది.

కుంట దగ్గర వంగి పీకడం మొదలుపెట్టింది. నేను వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. అత్తగారి చెయ్యి. విదిలించుకుంది. మళ్లీ పట్టుకున్నాను. కాలువ గట్టు దగ్గరికి లాక్కెళ్లాను, లాక్కెళ్లాననే రాయాలి, వేరే మాట లేదు. నేను వదిలేసిన మంచి మొక్కల్లోంచి ఒకటి పీకాను. ఆమె చూపుడు వేలు తీసుకుని ఆకు అడుగున పెట్టి, మొదటి నుంచి చివరి దాకా జరిపాను. కాయ, కాయ, కాయ. తరవాత ఆమె ఒళ్లోంచి ఒకటి తీసి అదే వేలితో అడుగున జరిపాను. నున్నగా ఉంది. కాడ తుంచి పాలు ఆమె బొటనవేలికి రాశాను. వేళ్లు రెండూ అంటించి విడదీస్తే జిగురు సాగింది.

ఆమె చాలాసేపు వేళ్లు అంటిస్తూ విడదీస్తూ ఉంది.

తరవాత గట్టు మీద కూర్చుంది. ఒళ్లోవి ఒక్కొక్కటీ తీసి అడుగున తడిమి పారేసింది. అన్నీ పారేసింది. ఒడి ఖాళీ అయ్యింది. ఎండ వచ్చింది. ఆమె కళ్లలో బూడిదరంగు పొర ఉంది, వెలుతురు పడితే తెలుస్తోంది. నన్ను తిడుతుందనుకున్నాను, ఇంటికి పోగానే. అప్పుడు చీర కొంగు రెండు చేతులతో పట్టి నా ముందుకు చాచింది. నింపమని.

నేను కోశాను. ప్రతిదీ తిప్పి చూసి వేశాను.

మందు ఒలికిన కబురు పాకినట్టుంది, వాకిట్లో ఎవరూ లేరు. ఇంటికొచ్చాక నూరడానికి ఆమే కూర్చుంది. మజ్జిగలో ఆమే కలిపింది. గిన్నె నిండాక ఆయన మంచం దగ్గరికి వెళ్లలేదు. నా చేతిలో పెట్టింది.

"నువ్వియ్యి."

ఆయన లేచి కూర్చుని చూస్తున్నారు. "అదేందమ్మా, నువ్వియ్యవా?"

"నా చేతులు తడిగా ఉన్నయ్యి."

ఆయనకు అర్థం కాలేదు. గోడ అవతల బుజ్జమ్మకు అర్థమైంది. రోటి చప్పుడు ఆగిపోయింది.

ఆయన తాగారు. నేను ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. "పథ్యం చెప్పవే" అంది అత్తమ్మ, నా వైపు చూడకుండా. "మందిచ్చినామే చెప్పాలి."

గిన్నె కింద పెట్టాను.

"నూనె వద్దు. కారం వద్దు. మజ్జిగన్నం, చెరుకు రసం. నెల రోజులు సుత్తి పట్టకూడదు. రేపు పొద్దున మాచర్ల డాక్టరు."

"డాక్టరు పథ్యమెట్టా అవుద్ది?" అన్నారు ఆయన.

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె కొంగుతో బొటనవేలు తుడుచుకుంటోంది.

"ఇచ్చినామె మాట కాదనగూడదురా" అంది. "బస్సుకు పో."

ఆగస్టు 5, సోమవారం

మాచర్ల వెళ్లాం. డాక్టరు కళ్లు, నాలుక చూసి రక్తం తీశాడు. పసరు ఏమైనా తాగావా అని అడిగాడు. ఆయన నా వైపు చూశారు. "తాగారండీ" అన్నాను. ఏ ఆకు అన్నాడు. తెలియదన్నాను. ఇక ఏమీ తాగొద్దని, పూర్తిగా పడుకోమని, కాచిన నీళ్లే ఇమ్మని చెప్పాడు. కాచిన నీళ్లు అనగానే ఆయన "చిల్ల గింజ వేస్తాం సార్" అన్నారు. వేసినా కాచాలట. మట్టి దిగితే రోగం దిగినట్టు కాదట. ఇది నాకు తెలియదు. రాసుకున్నాను.

తిరుగు బస్సులో ఆయన నా భుజం మీద తలపెట్టి పడుకున్నారు. జనం చూస్తున్నారు. చూడనీ.

ఆగస్టు 11, ఆదివారం

డాక్టరు వద్దన్నాడు కదా, ఆయనకు ఇవ్వలేదు. అత్తమ్మ ఏమంటుందో అనుకున్నాను. "నీ చెయ్యి, నీ ఇష్టం" అంది.

వాకిట్లోకి ముగ్గురొచ్చారు. అత్తమ్మ అరుగు మీద కూర్చుని, ఎవరు ఆమె వైపు తిరిగినా గడ్డంతో నన్ను చూపించింది. ఒకాయన "ఈ అమ్మాయా" అన్నాడు. ఒలుకుతుందేమోనని గిన్నెలో సగమే పోశాను.

ఆగస్టు 25, ఆదివారం

ఆయన కళ్లు తెల్లబడ్డాయి. ఇవాళ రెండుసార్లు అన్నం అడిగారు.

ఆకు తగ్గించిందో, పడుకోబెట్టడం తగ్గించిందో నాకు తెలియదు. బుజ్జమ్మ ఆకు అంటోంది. ఆయన డాక్టరంటున్నారు, తల్లి లేనప్పుడు. నేను రెండూ చేసినదాన్ని, ఏదీ తేల్చలేను. తేల్చాలని మాత్రం ఉంది. చూస్తాను.

ఖాదర్ వలి వచ్చాడు. అతనికి ఆస్పత్రి మందులతో తగ్గింది. తమ్ముడిని తీసుకొచ్చాడు.

"ఇప్పుడు అమ్మాయి చెయ్యా?" అన్నాడు, అత్తమ్మను నొప్పించకూడదన్నట్టు మెల్లగా.

"అమ్మాయి చెయ్యే. పథ్యం గట్టిది. డాక్టరు చీటీ చూపిస్తేగాని రెండో వారం రానీదు."

"డాక్టరు చీటీ ఏంది, మందేంది?"

"అడగబాకు. కాదనగూడదు."

అతను నవ్వాడు. అత్తమ్మ కూడా. కాలువ గట్టు మీద కూర్చున్న రోజు తరవాత ఆమె నవ్వడం ఇవాళే చూశాను.

సెప్టెంబరు 6, శుక్రవారం

నరసరావుపేటలో కళ్ల ఆపరేషన్ల శిబిరం. అత్తమ్మను నేనే తీసుకెళ్లాను. రమ్మని ఎవరూ అనలేదు. "ఆదివారం లోపు ఇంటికి పంపిస్తారా అడుగు" అంది. తరవాత గుర్తొచ్చినట్టుంది, "సర్లే, నాకేం పని ఆదివారం" అంది.

సెప్టెంబరు 29, ఆదివారం

తంగేడు పూసింది. కొండ కింద అంతా పసుపే. బెరడు తోళ్లు ఊని పదును చేయడానికి, పుల్ల పళ్లు తోముకోవడానికి. కృష్ణ అవతల ఆడవాళ్లు ఈ పువ్వూ గునుగు పువ్వూ పేర్చి బతుకమ్మ ఆడతారట. నాకు ఇప్పుడు బుజ్జమ్మే పేర్లు చెబుతోంది, అడక్కపోయినా. సగం తప్పులు చెబుతుంది. కాయ చూసి రాసుకుంటున్నాను.

అక్టోబరు 27, ఆదివారం

నిన్న అత్తమ్మకు కళ్లద్దాలు వచ్చాయి. సీసా అడుగంత మందం. పెట్టుకోగానే మొదట నా వైపే చూసింది.

"నీ ముక్కు పక్కన మచ్చ ఉందేందే?"

"పుట్టినప్పటి నుంచీ ఉంది అత్తమ్మా."

"పెళ్లిచూపులప్పుడు ఎవురూ చెప్పలా" అంది. అప్పుడు కూడా కనపడలేదన్నమాట. నేను ఇన్నాళ్లూ ఆమె ఎదుట తల దించుకునే ఉన్నాను, అక్కర్లేకుండా.

ఇవాళ నేను ఆకుకు బయలుదేరితే వెనకే వచ్చింది. నోరు మూసుకుని నా పని చేసుకున్నాను, ఆమె దూరంగా బలుసు పొద దగ్గర నిలబడి అటు తిరిగింది. మందు ఇవ్వడం అయ్యాక "పద, ఒకసారి అంతా చూసొద్దాం" అంది. చేలంట నడిచాం. ఆమె ప్రతిదాని దగ్గరా ఆగింది. ఇది గునుగు. ఇది ఉత్తరేణి, చీరకు పడుతుంది, జాగర్త. వావిలి ఇంత పెరిగిందే, ఎవరూ కొట్టటంలా, ఈ ఆకు కాచిన నీళ్లు పోసుకుంటే రాళ్లు మోసినోళ్ల ఒళ్లు తేలికపడుద్ది. చూసినవన్నీ పేరు పెట్టి పిలిచింది, చాలాకాలానికి కలిసిన చుట్టాల్లాగా. నేను వెనకాల నడుస్తూ అన్నీ మనసులో పెట్టుకున్నాను.

కాలువ గట్టు దగ్గర ఆగింది. వంగింది. గట్టు నిండా అదే. ఒక రెమ్మ వేలితో తిప్పి, అడుగున ఉన్న కాయలను అద్దాల్లోంచి చాలాసేపు చూసింది. ముప్పై ఏళ్లు కోసిందాన్ని ఇంత వివరంగా ఎప్పుడు చూసి ఉంటుందో.

"ఇదేం మొక్కే?" అని అడిగింది.

ఆమె మొహంలోకి చూశాను. నవ్వులాటకు అడిగినట్టు లేదు. పరీక్షకు అడిగినట్టూ లేదు. అద్దాల వెనక కళ్లు పెద్దవిగా, కొత్తవిగా ఉన్నాయి.

"తెలియదత్తమ్మా" అన్నాను.

ఆమె రెమ్మ వదిలేసి నడుం పట్టుకుని లేచింది.

"నాకూ తెలవదు" అని ముందుకు నడిచింది.